ప్రార్థన వేళకు మూసిన టీవీ

పాలమూరులో రైల్వే గేటు దాటగానే కుడిచేతి వైపు ఒక క్రైస్తవుల వాడ ఉంది. ఆ వాడలోకి టీవీలు ఒక్కటొక్కటిగా వస్తున్న రోజుల్లో, వాటిని ఎప్పుడు పెట్టాలో ఎప్పుడు బంద్ చేయాలో ఇంటింటికీ వెళ్లి చెప్పిన మనిషి సైదమ్మ.

ఆమె సంఘంలో బైబిలు స్త్రీ. చదువురాని ఆడవాళ్లకు వాక్యం చదివి వినిపించడం, బాలింతలనూ రోగులనూ చూసి ప్రార్థన చేసి రావడం ఆమె పని. పుట్టింది నల్లగొండ జిల్లా దేవరకొండ దిక్కు. ముందు పుట్టిన పిల్లలెవరూ దక్కకపోతే తల్లి సైదులు దర్గాకు మొక్కుకుని ఈమెను కన్నది. పెండ్లయి పాలమూరు వచ్చి బాప్తిస్మం తీసుకున్నప్పుడు పాస్టరు శారా అని పేరు మార్చబోయాడు. మా అమ్మ పెట్టిన పేరుతో పిలిస్తే యేసయ్యకు వినబడదా అని అడిగిందట సైదమ్మ. ఆ పాస్టరు నవ్వి ఊరుకున్నాడు. భర్త యోహాను ఒక బడిలో వాచ్‌మన్. మాట తక్కువ మనిషి. ఒక్కతే కూతురు, పెండ్లి చేసుకుని నల్లగొండలో ఉంటున్నది.

ఈ టీవీల పని ఆమె కోరి ఎత్తుకున్నది కాదు. ఎనభై ఏడు ఎండాకాలంలో ఒక సాయంత్రం గుర్వయ్య సారు ఇంటికి వెళ్లింది. సారు సర్కారు బడిలో టీచరు. పెద్ద కొడుకు పదో తరగతి తప్పాడని, ఇల్లంతా చిన్నబోయి ఉందని తెలిసి ప్రార్థన చేద్దామని పోయింది. కళ్లు మూసుకుని ఆ పిల్లవాడి కోసం మనసు కరిగేలా ప్రార్థించి కళ్లు తెరిచేసరికి, ఇంటిల్లిపాదీ టీవీ దిక్కే చూస్తున్నారు. ఆమె మీద గౌరవంతో శబ్దం తగ్గించారు కానీ బొమ్మ మాత్రం ఆపలేదు. తప్పిన పిల్లవాడు కూడా అటే చూస్తున్నాడు. ఆమెన్ అన్నది మంచంలో ఉన్న ముసలమ్మ ఒక్కతే.

ఇంటికి వస్తూ ఆమె చాలాసేపు ఆలోచించింది. ఇప్పుడున్న కొత్త పాస్టరు ప్రతి ఆదివారం ప్రసంగంలో టీవీని సాతాను పెట్టె అని తిడుతూనే ఉన్నాడు. విన్నవాళ్లు తల ఊపి ఇంటికి పోయి అదే పెట్టె ముందు కూర్చుంటున్నారు. ఆదివారం పొద్దుటి సీరియల్ మొదలైన దగ్గరి నుంచి చర్చిలో ముందు బల్లలు నిండడం లేదు. తిట్టడం వల్ల ఏ ఇంట్లోనూ పెట్టె బయటికి పోలేదు. పోదు కూడా. చేయగలిగిన మాట ఏదైనా ఎవరో ఒకరు చెప్పాలి అనుకుంది.

మర్నాడు మళ్లీ సారు ఇంటికి వెళ్లి ఆయన భార్యతో మాట్లాడింది. టీవీని తీసేయమనలేదు. అన్నాలు తినేటప్పుడు వద్దన్నది. దీపాలు పెట్టే వేళకు బంద్ చేసి ఇంట్లో అందరూ ఒక్క దగ్గర కూర్చుని ఒక అధ్యాయం చదువుకుని ప్రార్థన చేసుకొమ్మన్నది. పిల్లలు చదువు ముగించిన తర్వాతే పెట్టాలని, ఆదివారం చర్చి నుంచి వచ్చేదాకా ముట్టవద్దని చెప్పింది. వాళ్లది చెక్క పెట్టెలో అమర్చిన టీవీ. ముందు రెండు జరిపే తలుపులు, వాటికి తాళం. ఆ తాళం చెవి ఇల్లాలి దగ్గర ఉండాలన్నది కూడా సైదమ్మ చెప్పిన మాటే.

సారు భార్య చెప్పింది చెప్పినట్టు చేసింది. ఆ పిల్లవాడు మళ్లీ రాసిన పరీక్షలో గట్టెక్కాడు. గుర్వయ్య సారు చర్చిలో లేచి నిలబడి, ఆ సంగతి సైదమ్మ పేరు పెట్టి చెప్పాడు. ఇంట్లో మనుషులు మళ్లీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ అన్నం తింటున్నామని ఆయన అన్నప్పుడు, ఆడవాళ్ల వైపు చాలామంది కళ్లు తుడుచుకున్నారు.

అక్కడి నుంచి ఆమెకు పిలుపులు మొదలయ్యాయి. మా ఇంటికి కూడా వచ్చి మా ఆయనకు జర చెప్పు అక్కా అని ఒకరు, మా అత్తకు చెప్పు అని ఒకరు. మొదట్లో ఆమె ఏ ఇంటికి పోయినా ముందు కూర్చుని ఆ ఇంటి తీరు చూసేది. డ్యూటీకి ఏ వేళ పోతారు, ముసలివాళ్లు ఎవరున్నారు, పిల్లలు ఏ తరగతి, అన్నీ అడిగేది. మంచం పట్టిన మనిషి ఉన్న ఇంట్లో వచ్చినంతసేపూ పెట్టుకొమ్మనేది. రాత్రి డ్యూటీ చేసే లైన్‌మన్ ఇంట్లో ప్రార్థన వేళ పొద్దుటికి మార్చింది. ఆ వాడ పిల్లలు సాయంత్రం పూట మళ్లీ కీర్తనలు పాడడం రోడ్డు మీదికి వినబడేది.

అంతవరకు మంచిగానే ఉంది. కానీ మెప్పు అనేది ఒకసారి అలవాటైతే మనిషిని ఊరికే ఉండనివ్వదు. ఒకటి రెండేళ్లు పోయేసరికి సైదమ్మ అడగడం మానేసి చెప్పడమే చేయసాగింది. అందరికీ ఒకటే మాట, ఒకటే వేళ. ఆమె సందు మొదట్లో కనబడగానే ఇండ్లలో టీవీ తలుపులు జరిపిన చప్పుడు వచ్చేది. అది ఆమెకూ తెలుసు. అందుకని ఇంట్లోకి పోయి మాట్లాడుతూ మాట్లాడుతూ, ఏమీ ఎరగనట్టు పెట్టె మీద చెయ్యి వేసేది. వెచ్చగా ఉంటే ఇప్పటిదాకా నడిచిందన్నమాట. ఆ ఇంటి ఇల్లాలి ముఖంలోకి చూసేది. ఏమీ అనేది కాదు. ఆ చూపే చాలు, ఆమె సిగ్గుతో తల వంచుకునేది. ఎవరి ఇంట్లో పెట్టె వెచ్చగా ఉందో మాటల మధ్య పాస్టరమ్మకు చేరేది.

ఒకనాడు యోహాను ఆమె చెయ్యి అట్లా పెట్టె మీద వేయడం చూశాడు. ఇంటికి వచ్చాక, నువ్వు ప్రార్థనకు పోతున్నవా తనిఖీకి పోతున్నవా అని అడిగాడు. ఆమె ఆ పూట భర్తతో మాట్లాడలేదు.

ఆ వాడ చివర రెండు గదుల రేకుల ఇంట్లో అండాలు, భిక్షపతి ఉండేవాళ్లు. వాళ్లకు సువార్త అని ఒక బిడ్డ, దానియేలు అని ఒక కొడుకు. భిక్షపతి గంజ్‌లో హమాలీ. పల్లికాయ మూటలు, వడ్ల బస్తాలు లారీలకు ఎక్కించే పని. పొద్దంతా మోసి, సాయంత్రం అయ్యేసరికి గంజ్ వెనకాల సారా దుకాణంలో పడేవాడు. ఇంటికి వచ్చాక అండాలును కొట్టేవాడు. ఆమె ఇద్దరు పిల్లలను పట్టుకుని సైదమ్మ ఇంటికి వచ్చిన రోజులు చాలా ఉన్నాయి. సైదమ్మ అన్నం పెట్టింది, తన పక్కన పడుకోబెట్టుకుంది. యోహానుతో చెప్పించి బడిలో ఊడ్చే పని ఇప్పించింది. దానియేలు పుట్టినప్పుడు దవాఖానలో అండాలు చెయ్యి పట్టుకుని కూర్చున్నదీ సైదమ్మే. అండాలుకు సొంత అక్క ఉన్నా అంత చేసేది కాదేమో. అందుకే ఆమె సైదమ్మ మాటకు ఏనాడూ ఎదురు చెప్పి ఎరగదు.

భిక్షపతి తాగుడు మాన్పించాలని సంఘం చేయని ప్రయత్నం లేదు. ప్రార్థనలు చేశారు, ఉపవాసం ఉన్నారు, పాస్టరు పిలిచి బుద్ధి చెప్పాడు. చివరికి మాన్పించింది మాత్రం గంజ్‌లో ధాన్యం వ్యాపారం చేసే జాఫర్ సేటు పాత టీవీ. సేటు ఇంటికి రంగుల టీవీ వచ్చింది. పాత నలుపు తెలుపుది ఎవరికైనా ఇచ్చేద్దామనుకుంటుంటే భిక్షపతి నాకియ్యి సేటు అని అడిగాడు. అంతవరకు వాళ్ల పిల్లలు పక్కింటి అజీజా బేగం గడపలో కూర్చుని టీవీ చూసి వచ్చేవాళ్లు. తలుపులున్న ఆ బరువైన చెక్క పెట్టెను భిక్షపతి గంజ్ నుంచి ఇంటిదాకా తన తల మీదే మోసుకొచ్చాడు. రిక్షాలో పెడితే అదురుతుందని ఒప్పుకోలేదు.

ఆ రోజు నుంచి అతను సాయంత్రం నేరుగా ఇంటికి రావడం మొదలుపెట్టాడు. కాళ్లు చేతులు కడుక్కుని, పిల్లలిద్దరినీ చెరో తొడ మీద కూర్చోబెట్టుకుని పొలం పనుల కార్యక్రమం దగ్గరి నుంచి వార్తలు అయ్యేదాకా చూసేవాడు. అతనికి గుంట జాగా లేదు. అయినా ఆముదం చేలకు వచ్చే పురుగు గురించి, బోరు నీళ్లతో చుక్క చుక్కగా పారించే పద్ధతి గురించి చెవులొగ్గి వినేవాడు. మన తాతకు భూమి ఉంటే గిట్ల జేస్తుంటిమి బిడ్డా అని సువార్తకు చెప్పేవాడు. తాగక ఏడాది దాటింది. అండాలు ఒంటి మీద దెబ్బలు మానిపోయాయి. చేతులకు గాజులు నిండుగా వేసుకోవడం మొదలుపెట్టింది.

ఇదంతా సైదమ్మ కళ్లారా చూసిందే. చూసి సంతోషించింది కూడా. అయితే ఆ ఏడు వానాకాలంలో పాస్టరు ఆమెను పిలిచి, దసరా సెలవుల్లో నల్లగొండలో రెండు జిల్లాల స్త్రీల సమాజం కూటం ఉందని, క్రైస్తవుల ఇండ్లలో టీవీ ఎట్లా ఉండాలో ఆమే మాట్లాడాలని చెప్పాడు. మన వాడలో ప్రతి ఇల్లూ ఈ పద్ధతిలో ఉందని నువ్వు గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలగాలి సైదమ్మా అన్నాడు. ఆమె వాడంతా ఒకసారి మనసులో తిరిగింది. పద్ధతి లేనిది ఒక్కటే ఇల్లు. దీపాల వేళకు అక్కడ ప్రార్థన లేదు. ఆ వేళకు పొలం పనుల కార్యక్రమం ఉంది.

అండాలు బడి ఊడ్చి వస్తుంటే దారిలో కలిసి మాట్లాడింది. అండాలు విని, నడవడం ఆపింది.

"మా ఇంటిని జర ఇడ్సిపెట్టు అక్కా. ఆయన గా డబ్బ కోసమే ఇంటికొస్తుండు. గా వేళ తప్పితే మళ్ల ఆయన కాళ్లు అటే పోతయ్."

"గియ్యాల ఆయన్ను ఒక డబ్బ పట్టుకున్నది. రేపు గది ఖరాబైతే ఎవరు పట్టుకుంటరు? దేవుడు పట్టుకోవాలె పిల్లా. గప్పుడే గట్టిగ ఉంటది" అన్నది సైదమ్మ.

ఆ మాటలో ఆమెకు ఏ తప్పూ కనబడలేదు. అండాలుకు కూడా తప్పు ఎక్కడుందో చెప్పరాలేదు. ఇన్నేళ్లు అన్నం పెట్టిన మనిషి ముందు ఎక్కువసేపు నిలబడి వాదించడం కూడా చేతకాలేదు. సరే అక్కా అన్నది.

మొదటి కొన్ని రోజులు భిక్షపతి ఏమీ అనలేదు. ఇంటికి వచ్చేసరికి టీవీ తలుపులు మూసి ఉండేవి. తాళం చెవి అండాలు కొంగుకు ఉండేది. ఆమె బైబిలులో కూడబలుక్కుంటూ నాలుగు వచనాలు చదివేది. అతను గోడకు ఆనుకుని తల వంచుకుని కూర్చునేవాడు. ప్రార్థన అయ్యేసరికి పొలం పనుల కార్యక్రమం అయిపోయేది. మిగిలిన వార్తలు చూసి పడుకునేవాడు. ఒకనాడు మాత్రం, ప్రార్థన జర ముందుగాల చేసుకోరాదూ అని మెల్లగా అడిగాడట. అండాలు ఆ మాట సైదమ్మకు చేరవేసింది. వాడంతా ఒకటే వేళ, ఒక్క ఇంటికి మారిస్తే అందరూ అడుగుతారు అన్నది సైదమ్మ. లైన్‌మన్ ఇంటికి తానే ఒకప్పుడు వేళ మార్చిన సంగతి ఆమెకు అప్పుడు గుర్తు రాలేదు. వచ్చినా పట్టించుకుని ఉండేది కాదేమో.

నల్లగొండ కూటం దగ్గర పడింది. సైదమ్మకు భిక్షపతి ఇల్లు దారికి వచ్చినందుకు సంబరంగా ఉంది. ఆ వారం వాడలో జరగవలసిన గృహ కూటం అండాలు ఇంట్లోనే పెట్టించింది. ఆ ఇంటికి అది గౌరవమని నిజంగానే అనుకుంది. వాడలో ఆడవాళ్లంతా వచ్చారు, గుర్వయ్య సారు వచ్చాడు, పాస్టరూ పాస్టరమ్మా వచ్చారు. రెండు గదులూ నిండి జనం వాకిట్లో చాప మీద కూర్చున్నారు. పాట అయ్యాక సైదమ్మ అండాలును ముందుకు పిలిచి, ఆమె కొంగుకున్న తాళం చెవిని పైకెత్తి అందరికీ చూపించింది. తాగుబోతు ఇల్లు ప్రార్థన ఇల్లు అయిందని, ఈ ఇల్లాలి చెయ్యి బలహీనమైనదైనా దేవుడు దీనికే అధికారం ఇచ్చాడని చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు.

సరిగ్గా అప్పుడే భిక్షపతి పని నుంచి వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. ఒంటి నిండా పల్లికాయ దుమ్ము. భుజం మీద మూట మోసే గుడ్డ. లోపలికి పోవడానికి జాగా లేదు. వాకిట్లో కూర్చున్న ఒకతను నవ్వుతూ, లోపలికి పోవాలంటే నీ పెండ్లాం చెవి తీస్తే పోవాలె భిక్షపతీ అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సువార్త, నాయిన వచ్చిండు అని లేవబోయింది. ప్రార్థన నడుస్తున్నదని ఎవరో పిల్లను కూర్చోబెట్టారు. సైదమ్మ అతన్ని చూసింది. లోపలికి రమ్మని చేత్తో సైగ చేసింది కూడా. భిక్షపతి భుజం మీది గుడ్డను తీసి దులుపుకుని, వచ్చిన దారినే వెనక్కి తిరిగి పోయాడు.

ఆ సాయంత్రం అతను మళ్లీ తాగాడు. తర్వాత రోజూ తాగాడు. ఇంటికి వచ్చినా టీవీ అడగలేదు. అండాలు భయపడి, తలుపులు తెరిచి టీవీ పెట్టి అతని కోసం చూస్తూ కూర్చునేది. తాళం తీసిపెట్టిన అని చెప్పినా అతను ఆ గదిలోకి వచ్చేవాడు కాదు. నీ టీవీ నువ్వే చూసుకో అనేవాడు. ఈసారి కొట్టలేదు. కొడితే బాగుండుననిపించింది అక్కా అని తర్వాత ఒకనాడు అండాలు సైదమ్మతో అన్నది.

కొద్ది రోజులకే, పొద్దున తాగి పనికి పోయిన భిక్షపతి, బస్తా వీపు మీద పెట్టుకుని లారీకి వేసిన పలక మీద ఎక్కుతూ జారాడు. బస్తా అతని మెడ మీద పడింది. జాఫర్ సేటే తన జీపులో దవాఖానకు తీసుకుపోయాడు. మెడ కింది నుంచి ఏమీ కదలలేదు. మాట మాత్రం ఉంది.

సైదమ్మ మర్నాడు దవాఖానకు పోయింది. అండాలు మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. సైదమ్మ బైబిలు తెరిచి, చదవకుండానే ఒళ్లో పెట్టుకుంది. భిక్షపతి కళ్లు తిప్పి ఆమెను చూశాడు. అతని ముఖంలో కోపం లేదు.

"అక్కా, పిల్లలు ఇంటికాడ ఒక్కరే ఉన్నరు. పొద్దుగూకినంక బుగులువడ్తరు. గా టీవీ తీసి పెట్టుమని జెప్పు. నీ మాటైతే ఇంటది" అన్నాడు.

సైదమ్మ అండాలు వైపు చూడలేకపోయింది. సరే తమ్మీ అన్నది. ఆ మాటను ఆమె అండాలుకు మళ్లీ చెప్పే అవసరం రాలేదు. అండాలు అక్కడే ఉండి విన్నది. ఆదివారం పొద్దున భిక్షపతి పోయాడు.

సమాధి దగ్గర పాస్టరు ప్రసంగం చేస్తూ, తాగుడు మానిన మనిషి మళ్లీ తాగుడుకు పోతే ఏమవుతుందో మన కళ్ల ముందే ఉందన్నాడు. అజీజా బేగం ఇంటి నుంచి రెండు పూటలా అన్నం వచ్చింది. సంఘం వాళ్లు వచ్చి ఓదార్చారు. అండాలు ఎవరినీ ఏమీ అనలేదు. సైదమ్మ రోజూ పోయి ఆమె పక్కన కూర్చునేది. రావద్దని అండాలు అనలేదు. కూర్చొమ్మనీ అనలేదు.

నల్లగొండ కూటం ఆ తర్వాత పది పదిహేను రోజులకు వచ్చింది. అండాలును కూడా తీసుకురమ్మన్నాడు పాస్టరు. ఇంత దుఃఖంలో కూడా ఇంట్లో ప్రార్థన వేళ తప్పలేదని ఆమె నోటితో చెబితే ఎందరో ఇల్లాళ్లకు ధైర్యంగా ఉంటుందన్నాడు. సైదమ్మ ఆమెను ఇప్పుడు కదిలించవద్దని ఒకసారి అన్నది. పాస్టరు ఒప్పుకోకపోతే ఇక ఊరుకుంది. ఎందుకు ఊరుకున్నానో ఆమె తనను తాను చాలాసార్లు అడుక్కుంది. ఆ కూటం కరపత్రంలో తన పేరు అప్పటికే అచ్చయి ఉంది.

పెద్ద షామియానా కింద వందల మంది ఆడవాళ్లు కూర్చున్నారు. వేదిక మీద మైకు. సైదమ్మ కూతురు కూడా అల్లుడితో వచ్చి ముందు వరుసలో కూర్చుంది. యోహాను వెనకాల మగవాళ్లలో నిలబడ్డాడు. అండాలును పిలిచారు. తెల్లచీర కట్టుకున్న అండాలు మైకు ముందుకు వచ్చి, దాన్ని ఎట్లా పట్టుకోవాలో తెలియక రెండు చేతులతో పట్టుకుంది.

"మా పిల్లల నాయిన తాగి సచ్చిండని మీకు జెప్పిన్రు. నిజమే. కాని ఒక్క యేడు తాగలే. గా యేడంత గా టీవీ ముందట పిల్లల్ని ఒళ్ల కూసవెట్టుకొని కూసున్నడు. గట్ల నాకు మొగడు దొరికిండు. నేనే దానికి తాళమేసిన. ఎయ్యమన్నరు, ఏసిన. గంతే."

ఇంకేమీ చెప్పకుండా పోయి తన చోట కూర్చుంది. అధ్యక్షురాలు తేరుకుని, దుఃఖంలో ఉన్న సోదరి కోసం అందరం ప్రార్థన చేద్దామని చెప్పి ఒక పాట అందుకుంది. పాట అయిపోగానే సైదమ్మ పేరు పిలిచింది.

సైదమ్మ లేచింది. మైకు దగ్గరికి పోయేంతవరకు, అండాలు చెప్పింది నిజమని, తప్పు తనదని చెప్పాలనే అనుకుంది. ఎదురుగా ఇన్ని వందల ముఖాలు. ముందు వరుసలో అల్లుడి పక్కన కూతురు. పక్కన పాస్టరు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ఆమె నోరు తెరిచింది. ఇన్నాళ్లుగా ఇండ్లలో చెప్పి చెప్పి నాలుకకు అలవాటైన మాటలే వచ్చాయి. అన్నం వేళ, ప్రార్థన వేళ, పిల్లల చదువు, ఆదివారం. మధ్యలో జనం స్తోత్రం అన్నారు. చివర చప్పట్లు కొట్టారు. భిక్షపతి గురించి గానీ, అప్పుడే మాట్లాడిపోయిన మనిషి గురించి గానీ ఆమె ఒక్క మాట అనలేదు. అండాలు ఆ ప్రసంగమంతా తల ఎత్తి విన్నది.

బస్సులో వస్తుంటే యోహాను కిటికీలో నుంచి బయటికి చూస్తూ అన్నాడు. "గామె నిజం జెప్పింది. నువ్వు లేసి ఔనంటే అయిపోతుండె."

సైదమ్మ ఏడ్చింది. ఆయన ఓదార్చలేదు.

తర్వాత ఆమె పాస్టరు దగ్గరికి పోయి, ఇక తాను ఇండ్లలో టీవీల గురించి చెప్పనన్నది. రోగులను చూస్తాను, వాక్యం చదువుతాను, అది మాత్రం వద్దన్నది. పాస్టరు నొచ్చుకున్నాడు. నీ మాటల్లో తప్పేముంది, వేల ఇండ్లకు పనికొచ్చే మాటలు అన్నాడు. అతను అన్నదీ అబద్ధం కాదు. గుర్వయ్య సారు ఇల్లు ఉంది, లైన్‌మన్ ఇల్లు ఉంది. అదే ఆమెను తినేసింది. పూర్తిగా తప్పు మాటలైతే వెనక్కి తీసుకుని ఏడ్చి ఊరుకునేది. కొన్నాళ్లకు ఆ మాటలనే పెద్ద అక్షరాల్లో అట్ట మీద అచ్చువేయించి సంఘంలో ఇంటింటికీ పంచారు. టీవీల మీది గోడలకు వాటిని తగిలించారు. చెప్పడానికి వేరే ఒకామెను పెట్టారు. సైదమ్మ రోగిని చూడబోయిన ప్రతి ఇంట్లో తన మాటలు గోడ మీద నుంచి తననే చూసేవి.

అండాలు ఆ తర్వాతి ఎండాకాలంలో ఇల్లు ఖాళీ చేసి పిల్లలతో షాద్‌నగర్ వెళ్లిపోయింది. అక్కడ ఏదో దారం మిల్లులో పని దొరికిందని అజీజా బేగం చెప్పింది. వెళ్లేటప్పుడు అండాలు ఆమెకు చెప్పి పోయింది, సైదమ్మకు చెప్పలేదు.

ఏడేళ్లు గడిచాయి. పాస్టరు మారాడు. వాడలో ఇండ్ల మీద కేబుల్ తీగలు వచ్చాయి. చానళ్లు పెరిగి, ఏ వేళకు ఏది వస్తుందో తెలియకుండా పోయి, గోడల మీది అట్టలు ఒక్కటొక్కటిగా చిరిగిపోయాయి. యోహానుకు పక్షవాతం వచ్చి కాలు లాగేసింది. పనికి పోవడం మానేసి, రోజంతా కూతురు పంపిన టీవీ చూస్తూ కూర్చునేవాడు. సైదమ్మ దాన్ని ఏనాడూ బంద్ చేయలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆమె షాద్‌నగర్ బస్సెక్కింది. అడుగుతూ అడుగుతూ పోయి, మిల్లు పనివాళ్లు ఉండే వరుస గదుల్లో అండాలు గదిని పట్టుకుంది. తలుపు తీసే ఉంది. లోపల స్టూలు మీద రంగుల టీవీ నడుస్తున్నది. సువార్త పెద్దపిల్ల అయింది. తల్లితో పాటే మిల్లుకు పోతున్నదట. దానియేలు గోడకు ఆనుకుని కాళ్లు చాపి టీవీ చూస్తున్నాడు. అట్లా ఆనుకుని కూర్చునే తీరు అచ్చం తండ్రిదే. సువార్త ఆమెను గుర్తుపట్టింది. అత్తా అని ఒక్కసారి పిలిచి మళ్లీ టీవీ దిక్కు తిరిగింది.

అండాలు చాయ్ పెట్టి ఇచ్చింది. యోహాను బావకు ఎట్లుందని అడిగింది. టీవీ శబ్దం తగ్గించలేదు. సైదమ్మ దారంతా పేర్చుకుని వచ్చిన మాటలు ఆ శబ్దంలో చెప్పలేక కాసేపు కూర్చుంది. చివరికి, నల్లగొండలో ఆ నాడు నేను లేచి నిజం చెప్పలేదు, అది చెప్పిపోదామని వచ్చిన అన్నది. టీవీకి తాళం వేయించిందీ నేనే, దవాఖానలో నీ ముఖం చూడలేకపోయిందీ నేనే అన్నది.

అండాలు కప్పు తీసుకుని పక్కన పెట్టింది.

"నువ్వు మంచికే జెప్పినవ్ అక్కా. గందుకే నిన్ను తిట్టొస్తలేదు. తిట్టొస్తే నా పాణం నిమ్మలమైతుండె."

సైదమ్మ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. అండాలు మెల్లగా చెయ్యి తీసుకుని, టీవీలో ఏదో చూసి నవ్వుతున్న కొడుకు వైపు చూసింది. పిల్లలు తండ్రి ఊసు ఎత్తడం మానేసి చాలా రోజులైందని చెప్పింది. ఇప్పుడు సైదమ్మను చూస్తే వాళ్లకు మళ్లీ ఆయన గుర్తుకొస్తాడని, నాలుగు రోజులు సరిగా తినరని చెప్పింది. ఆ మాటలు చెప్పేటప్పుడు ఆమె గొంతు మెత్తగానే ఉంది.

"మళ్ల రాకు అక్కా" అన్నది.

పిల్లలకని తెచ్చిన సీతాఫలాలు గడప దగ్గర పెట్టి సైదమ్మ లేచింది. సువార్త తల తిప్పి పోయొస్తవా అత్తా అన్నది. దానియేలు చూడలేదు. అండాలు సందు చివరిదాకా వచ్చి, బస్‌స్టాండుకు ఎటు పోవాలో చూపించి వెనక్కి తిరిగింది.

బస్సు నిండి ఉంది. సైదమ్మ పాలమూరుదాకా నిలబడే వచ్చింది. ఇంటికి వచ్చేసరికి యోహాను టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. ఏమన్నది అని అడిగాడు. మంచిగున్నరు అన్నది సైదమ్మ. అన్నం వడ్డించి, ఆయన పక్కనే కూర్చుంది. ఆమె మళ్లీ షాద్‌నగర్ పోలేదు.